ఒకే పైపు మీద ఇద్దరం

మా వంటింటి కుళాయి ఈ మధ్య మహా దూకుడుగా వస్తోంది. తిప్పీ తిప్పకముందే సింకులో గిన్నెల మీద పడి, చింది, నా చీరంతా తడిపేస్తోంది. మాచర్లలో ఇల్లు కట్టుకుని, ఎండాకాలం ఎప్పుడు పోతుందా అని ఎదురుచూస్తూ బతికే మనిషి నీళ్ళు బాగా వస్తున్నాయని దిగులు పడటం ఎక్కడన్నా ఉందా? పక్కింటివాళ్ళకి చెబితే నవ్వుతారని చెప్పలేదు. పైవాటాలో అద్దెకున్న ఇంజనీరు మేడమ్ పోయారు. ఆవిడ వాటా నీళ్ళు కూడా ఇప్పుడు నాకే వస్తున్నాయి.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. బతికున్నప్పుడు కూడా ఆవిడని పేరు పెట్టి పిలిచినవాళ్ళు నాకు కనపడలేదు. ఆఫీసులో మేడమ్, ఊళ్ళల్లో నీళ్ళ మేడమ్, నాకు మేడమ్‌గారు. పల్లెలకి మంచినీళ్ళ ట్యాంకులు కట్టించి పైపులు వేయించే ఉద్యోగం ఆవిడది. నేను రెంటచింతల దగ్గర ఒక ఊరి హైస్కూల్లో తెలుగు చెబుతాను. మా ఆయన పోయాక పైవాటా ఖాళీగా ఉంటే సాయంత్రాలు గోడలు మీద పడుతున్నట్టు ఉండేది. అందుకని అద్దెకిచ్చాను.

ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళు ఎవరైనా వంటగది చూస్తారు, గాలి వస్తుందా అని కిటికీ తెరుస్తారు. ఆవిడ తిన్నగా పెరట్లోకి వెళ్ళి, వెనక గోడ ముందు మెడ ఎత్తి నిలబడ్డారు. డాబా మీది ట్యాంకు నుంచి ఒక్కటే పైపు దిగుతుంది మాకు. ముందు పైవాటా వంటగదికి ఒక పాయ ఇచ్చి, తర్వాత కిందికి నా వంటగదికి వస్తుంది. సన్‌షేడ్ పగలగొట్టడం మా ఆయనకి ఇష్టంలేక, పైపుని దాని చుట్టూ తిప్పించారు. తర్వాత కిటికీ పక్కనుంచి ఒక మెలిక, బాత్రూం గోడ దగ్గర ఇంకో మెలిక. ఆవిడ చూపుడు వేలు గాల్లో ఎత్తి పైపు వెంబడే నడిపించుకుంటూ వచ్చారు. మలుపు వచ్చిన ప్రతిచోటా వేలు ఒక్క క్షణం ఆగేది.

"ఎవరేశారండీ ఈ లైను?" అన్నారు.

"మా ఆయన దగ్గరుండి వేయించారు," అన్నాను గొప్పగా.

"నీళ్ళని ఇంటికి రమ్మనలేదండీ మీ ఆయన. ఊరేగించారు."

నాకు ఒళ్ళు మండింది. పోయిన మనిషి వేయించిన పైపు అది. "నచ్చకపోతే ఊళ్ళో ఇళ్ళకేం కరువు లేదు," అన్నాను.

"నచ్చలేదని ఎవరన్నారండీ?" అని ఆవిడ నవ్వారు. ఆ ఆదివారమే సామాను దించుకున్నారు. ఆ సామాను కూడా ఎంతని. ఒక మంచం, ఒక గ్యాసు పొయ్యి, రెండు పెట్టెలు, నీళ్ళ ఒత్తిడి కొలిచే ఒక ప్రెషర్ గేజి. ఆ గేజిని దేవుడి పటం పెట్టుకునే గూట్లో పెట్టారు.

ఆవిడ మాట్లాడితే చివరికి మాట పైపుల దగ్గరికే వచ్చేది. మొదట్లో నాకు విసుగు, తర్వాత అలవాటైంది, ఆ తర్వాత నేనే అడిగేదాన్ని. పెరట్లో నాపరాళ్ళ అరుగు మీద కూర్చుని, చెంబులో వేలు ముంచి రాతి మీద తడివేలితో లెక్క వేసేవారు. ట్యాంకు ఎంత ఎత్తులో ఉంటే నీళ్ళకి అంత ప్రెషర్ వస్తుంది. అది మొత్తం కుళాయి దాకా రాదు. పైపు గోడల రాపిడికి కొంత పోతుంది. మలుపు వచ్చినచోట నీళ్ళు గోడకి కొట్టుకుని, సుళ్ళు తిరిగి, మళ్ళీ సర్దుకుని బయలుదేరాలి. ఆ సర్దుకోవడంలో ఇంకొంత పోతుంది. ఏ మలుపుకి ఎంత పోతుందో, ఏ వాల్వు ఎంత పొడుగు పైపుతో సమానమో అన్నీ ఆవిడకి నోటికే వచ్చు. మాచర్ల ఎండకి కింద వరస రాసేసరికి పై వరస ఆరిపోయేది.

"అయ్యో, లెక్క పోయిందే!" అనేదాన్ని.

"పోతే పోయింది లెండి. పోయేదాని లెక్కే కదా," అనేవారు ఆవిడ.

ఒకసారి మాత్రం కాస్త ఆగి చెప్పారు. "మా పుస్తకాల్లో రెండు రకాల నష్టాలు రాస్తారు టీచర్‌గారూ. పైపు పొడుగునా పోయేది పెద్ద నష్టం. మలుపుల కాడ, అతుకుల కాడ పోయేది చిన్న నష్టం. ఊరి లైను మీద ఆ మాట నిజమే. మైళ్ళు మైళ్ళు పైపు, ఎక్కడో ఒక మలుపు. ఇళ్ళల్లో అట్టా కాదు. పైపు బారెడుండిద్ది, మలుపులు గంపెడుంటాయి. ఇళ్ళల్లో చిన్న నష్టాలే చానా పెద్దవి." ఆ మాట అని చెంబులో మిగిలిన నీళ్ళు బంతిమొక్కకి పోసి పైకి వెళ్ళిపోయారు.

ఆవిడది ఒంటరితనం. దానికి ఇంకో మంచి పేరు పెట్టాలని నాకు లేదు. విజయపురి సౌత్‌లో డ్యాం ఉద్యోగుల క్వార్టర్స్‌లో పెరిగారు. అక్కడి ఇరుగుపొరుగు ఎప్పుడో చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. పెళ్ళి ఎందుకు చేసుకోలేదో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. హైదరాబాదులో ఒక తమ్ముడున్నాడని తెలుసు. ఆదివారం వస్తే ఆవిడ కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేవారు. పైన ఫోను మోగితే కింద నాకు వినపడుతుంది. పండగపూట కూడా అది మోగేది కాదు. పిలిచి భోజనం పెడితే వచ్చి, ఊరమిరపకాయతో మజ్జిగన్నం ఇష్టంగా తిని, కంచం తీసే లోపే లేచేవారు. మా స్కూలు టీచరు గృహప్రవేశానికి వెంటబెట్టుకెళితే, భోజనాల బంతిలో కూర్చోకుండా ఇంటి వెనక్కి వెళ్ళి పైపులు చూస్తూ నిలబడ్డారు. "ఆవిడ ఏమన్నా పారేసుకున్నారా?" అని ఆ ఇంటావిడ కంగారుగా నన్ను అడిగింది. మనుషుల మధ్య నిలబడటం రాదు పాపం, అందుకే గోడలు చూస్తారు అని ఆ ఇంటావిడకి ఎలా చెప్పను?

అలాంటి మనిషి మనుషుల మధ్యకి వెళ్ళి గట్టిగా నిలబడటం ఒక్కసారి చూశాను. మా స్కూలున్న ఊళ్ళోనే.

ఆ ఊరికి కొత్త ట్యాంకు కట్టారు. ట్యాంకు ఊరి మొదట్లో. చిట్టచివర, మిట్ట మీద, చర్చి దాటాక ఒక పేట. ఆ పేటలో ఆఖరి ఇల్లు రాహేలమ్మది. కూలికి పోయొచ్చి, రోజూ చెలక బావి నుంచి బిందె మోసుకునే ముసలమ్మ. మోకాళ్ళు పోయాయి. "ఈ ఎండాకాలం నువ్వు బిందె ఎత్తే పని లేదమ్మా" అని మేడమ్ ఆమెకి మాటిచ్చారు. ఇంకెవరైనా ఇచ్చిన మాట అయితే ఏమో గాని, ఆ మాట ఆవిడ మెడకి చుట్టుకుంది.

పని పూర్తయిన రోజు మధ్యాహ్నం కాంట్రాక్టరు పెద్దమనుషులని రాహేలమ్మ ఇంటి ముందుకి తీసుకొచ్చి, కుళాయికి గేజి బిగించి చూపించాడు. ముల్లు నిటారుగా లేచి నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. మా స్కూలు పిల్లల్ని కూడా చూడటానికి తీసుకెళ్ళాను కాబట్టి నేనూ కొట్టాను. మేడమ్ కొట్టలేదు.

"కుళాయిలన్నీ కట్టేసి చూపిస్తున్నావు నాయనా," అన్నారు. "నీళ్ళు కదలనంత సేపూ నష్టం ఉండదు. ముల్లు అట్టాగే నిలబడుద్ది. పొద్దున్నే ఊరంతా తిప్పుకునే టయానికి చూద్దాం."

మర్నాడు పొద్దున స్కూలుకి ఆవిడ జీపులోనే వెళ్ళాను. నీళ్ళు వదిలే వేళ అది. రాహేలమ్మ కుళాయి కింద బిందె పెట్టుకుని కూర్చుంది. కుళాయిలోంచి బుస్సుమని చప్పుడు తప్ప చుక్క లేదు.

"గాలొస్తంది బిడ్డా. నీళ్ళు రావట్లా," అంది. నిష్ఠూరంగా అనలేదు. ముందే తెలిసినట్టుగా అంది. నాకు అది ఇంకా కష్టంగా అనిపించింది.

మేడమ్ గబగబా మిట్ట దిగి వీధుల వెంట నడిచారు. మా పల్నాటి ఊళ్ళ సంగతి తెలిసినవాళ్ళకి ఆవిడ చూసిందేమిటో చెప్పక్కర్లేదు. ట్యాంకు దగ్గరి పెద్దవీధిలో ఇంటింటి ముందూ మోకాలి లోతు గుంట. కుళాయి నేల మీద ఉంటే నీళ్ళు సన్నగా వస్తాయని, గుంట తవ్వి, పైపు కోసి, కుళాయిని అడుక్కి దింపుకుంటారు. కిందికి దింపితే ధార పెరుగుతుంది. ఒకరు తవ్వితే పక్కవాళ్ళకి తగ్గుతుంది, వాళ్ళు ఇంకాస్త లోతు తవ్వుతారు. మేడమ్ లెక్కలో పైపులున్నాయి, మలుపులున్నాయి, వాల్వులున్నాయి. ఇళ్ళకి కుళాయిలు బిగించి వారం తిరక్కుండా ఇన్ని గుంటలు పడతాయని లేదు.

"అడిగినా పూడ్చరు మేడమ్," అన్నాను. "ఈ వీధి వాళ్ళు ఎమ్మార్వో చెప్పినా వినరు."

ఆవిడ వీధిలో అన్నిటికన్నా పెద్ద గుంట ముందు ఆగారు. అది సర్పంచిగారి ఇల్లు. అరుగు మీద ఆయన తల్లి కూర్చుని మిరపకాయలు తొడిమలు తీస్తోంది. ఆ వీధికి ఆ పెద్దావిడ మాటే మాట.

"పెద్దమ్మా, ఒకసారి నాతో పేటలోకి రావాలి," అన్నారు మేడమ్.

"ఎందుకమ్మా? నాకక్కడేం పని?"

"పని నీళ్ళకి. మీరు కూర్చుంటే చాలు."

ఎందుకు లేచిందో ఇప్పటికీ నాకు తెలియదు. జీపెక్కొచ్చనే సరదా కావచ్చు. పేటలోకి వచ్చి, రాహేలమ్మ వేసిన నులకమంచం మీద కాస్త అంచుకే కూర్చుంది. ఇద్దరూ ఒక ఊరివాళ్ళే, ఒక ఈడువాళ్ళే. అన్నేళ్ళలో ఆమె ఆ వాకిట్లో కూర్చోవడం అదే మొదలని రాహేలమ్మ మొహం చూస్తే తెలిసిపోయింది. కుళాయి బుస్సుమంటూనే ఉంది.

"మీ కోడలికి ఫోను చేసి, గుంటలో కుళాయి కట్టెయ్యమనండి. వీధిలో వాళ్ళందర్నీ గూడా," అన్నారు మేడమ్.

పెద్దావిడ ఫోను చెవికి దూరంగా పెట్టుకుని అరిచింది. "ఏమే, కుళాయి కట్టెయ్యి! ఎందుకేంది, కట్టెయ్యమంటే కట్టెయ్యి. వీధిలో అందర్నీ కట్టెయ్యమన్నానని చెప్పు."

కాసేపటికి బుస్సుమనే చప్పుడు ఆగింది. కుళాయి రెండుసార్లు దగ్గినట్టు చేసింది. సన్నటి ధార బిందె అడుగున పడింది. రాహేలమ్మ రెండు చేతులూ పట్టింది.

"ఇప్పుడు తిప్పుకోమనండి," అన్నారు మేడమ్. పెద్దావిడ చెప్పింది. ధార సన్నబడి, దారమై, తెగిపోయింది.

పెద్దావిడ కుళాయి వంక, ఫోను వంక మార్చి మార్చి చూసింది. "మా ఇంటికాడ తిప్పితే ఇక్కడ తెలిసిద్దా?" అంది.

"తెలిసిద్ది పెద్దమ్మా. ఒకే పైపు మీద ఉన్నోళ్ళకి ఒకళ్ళ సంగతి ఒకళ్ళకి తెలుస్తానే ఉండిద్ది."

ఆ సాయంత్రమే పెద్దావిడ తన గుంట పూడ్పించి, కుళాయి నేల మీదికి ఎత్తించింది. కొందరు ఆమెకి జడిసి పూడ్చారు, కొందరు సగం పూడ్చారు, ఇద్దరు ముగ్గురు ససేమిరా అన్నారు. రాహేలమ్మకి ధారాళంగా వచ్చిందేమీ లేదు. చిటికెన వేలంత వచ్చింది. కాని రోజూ వచ్చింది. ఆ ఎండాకాలం ఆమె బిందె ఎత్తలేదు.

ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు జీపులో మేడమ్ మొహంలో గెలిచిన సంతోషం ఉంటుందనుకున్నాను. కిటికీలోంచి పత్తిచేలు చూస్తూ కూర్చున్నారు. "రాహేలమ్మ మంచం వేసింది, చూశారా? నాక్కాదు, పెద్దమ్మకి. వాళ్ళిద్దరికీ మాట్లాడుకోను ఇకమీదట ఏదో ఒకటి ఉండిద్ది," అన్నారు. "నేను మళ్ళీ ఇంకో ఊరికి పోతాను."

ఇక మా ఇంటి సంగతి. ఆ పైపు మాకిద్దరికీ రోజూ తగువే. నేను కింద కుళాయి తిప్పితే పైన ఆవిడకి చుక్కలు పడేవి. ఆవిడ తిప్పితే నాకు సగానికి తగ్గేది. పొద్దున్నే నేను ముందు లేస్తాను. కాఫీకి గిన్నె పెట్టి తిప్పుతానా, కాసేపటికి ధార ఉన్నట్టుండి సన్నబడుతుంది. అంటే పైన ఆవిడ లేచారన్నమాట. ఊళ్ళకి ఊళ్ళు పైపులు వేయించే మనిషి, ఒకరి నీళ్ళు ఒకరు లాక్కోకూడదని గుంటలు పూడ్పించిన మనిషి, సొంత వంటింట్లో చుక్కలు పట్టుకుంటూ కూర్చుంటారా? నాలుగుసార్లు అడిగాను. "చూద్దాం లెండి" అనేవారు. పిసినారితనం అనుకున్నాను, బద్ధకం అనుకున్నాను. ఎప్పుడో బదిలీ అయ్యే ఇల్లేగా అని నిర్లక్ష్యం అనుకున్నాను.

చివరికి నేనే ఒక సెలవు రోజు ప్లంబర్ని పిలిపించాను. ట్యాంకు నుంచి ఆవిడకో పైపు, నాకో పైపు విడివిడిగా వేయించాలని. అతను నిచ్చెన వేసి రెంచీ తీశాడో లేదో, ఆవిడ పైనుంచి దడదడా మెట్లు దిగి వచ్చారు. అంత వడిగా ఆవిడ నడవడం నేను చూడలేదు.

"వద్దు. దిగబ్బాయ్, దిగు," అన్నారు.

"ఏంది మేడమ్‌గారూ ఈ మొండితనం? మీకు నీళ్ళు బాగా వస్తాయి, నాకూ బాగా వస్తాయి."

ఆవిడ పైపు మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు. తర్వాత నా వంక చూడకుండా చెప్పారు.

"పొద్దున్నే లేచి తిప్పితే నా కుళాయికి చుక్కలే పడతాయి టీచర్‌గారూ. అప్పుడు మీరు లేచారని తెలిసిద్ది నాకు. విడదీస్తే మీరు కింద ఉన్నారో లేదో నాకెట్టా తెలుస్తుందండీ?"

ప్లంబరు నిచ్చెన దిగాడు. అతనికి కాఫీ ఇచ్చి పంపించేశాను. నేనేదో ఒకటి అని నవ్వించాలని చూశాను. "నేనేమన్నా గడియారాన్నా, నన్ను చూసి లేవడానికి?" అన్నాను. ఆవిడ నవ్వారు గాని నాకే నవ్వు రాలేదు. మా ఆయన పోయాక నేను లేచానా లేదా అని కనిపెట్టుకుని ఉన్న మనిషి ఈ భూమ్మీద ఒకరున్నారని నాకు తెలియదు.

ఆ రోజు నుంచి నేనూ చూసేదాన్ని. గిన్నె కింద పెట్టి, ధార సన్నబడే దాకా అలాగే నిలబడేదాన్ని. సన్నబడగానే, ఆ, లేచారు అనుకుని పొయ్యి వెలిగించుకునేదాన్ని. ఈ సంగతి మళ్ళీ ఇద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఈ వేసవి మొదట్లో ఒకరోజు ధార సన్నబడలేదు. గిన్నె నిండి పొర్లింది. ఇంకో గిన్నె పెట్టాను, అదీ నిండింది. ఊరెళ్ళారేమో అనుకుందామంటే ముందు రోజు సాయంత్రం బంతిమొక్కలకి నీళ్ళు పోస్తుంటే చూశాను. కుళాయి అలాగే వదిలేసి పైకి పరిగెత్తాను. పక్కింటి అబ్బాయి చేత తలుపు తీయించాం. నిద్రలోనే పోయారని డాక్టరు చెప్పాడు. గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. ఆ గోడకి అవతలే పైపు దిగుతుంది.

తమ్ముడు వచ్చి తీసుకెళ్ళాడు. మర్యాదస్తుడు. అక్కకి ఏవైనా అలవాట్లు, ఇష్టాలు ఉండేవా అని నన్ను అడిగాడు. ఊరమిరపకాయ ఇష్టం అని చెప్పాను. కుళాయి సంగతి మాత్రం నాలోనే ఉంచుకున్నాను. గేజి ఏం చేయాలో అతనికి తెలియక గూట్లోనే వదిలేశాడు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

నిన్న పైవాటా చూడటానికి బ్యాంకులో పనిచేసే భార్యాభర్తలు వచ్చారు. మంచివాళ్ళలాగే ఉన్నారు. అన్నీ నచ్చాయి గాని, వంటగదిలో కుళాయి తిప్పి చూసి ఆ అమ్మాయి పెదవి విరిచింది. "నీళ్ళు మరీ నెమ్మదిగా వస్తున్నాయాంటీ. మాకు సెపరేట్ లైను వేయిస్తారా?"

"వేయించనమ్మా," అన్నాను.

"ఖర్చు మేం పెట్టుకుంటాం."

"ఖర్చు కాదు. ఆ పైపు అట్టాగే ఉండిద్ది. ఇష్టమైతే చేరండి."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని వెళ్ళిపోయారు. పిచ్చి మనిషి అనుకుని ఉంటారు, అనుకోనీ.

ఈ పొద్దున కూడా కాఫీకి గిన్నె పెట్టి కుళాయి తిప్పాను. దూకుడుగా వచ్చింది. కాసేపు చూశాను. ఆవిడ లేచే వేళకి చెయ్యి చాపి కుళాయిని సగానికి కట్టాను. ధార సన్నబడింది. అప్పుడు పొయ్యి వెలిగించుకున్నాను.